ఈ సంక్రాంతికి కుక్కపిల్లలు లేవు, అడ్వాన్సులు వాపస్ ఇస్తున్నా

సంక్రాంతికి ల్యాబ్రడార్ పిల్లలు ఇస్తానని నలుగురి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నా. ఇవ్వలేను. ఎవరి పైసలు వాళ్లకు ఈ వారంలోనే ఫోన్‌పే చేస్తా, ఒక్క రూపాయి కూడా పట్టుకోను. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగు ముచ్చట.

ఆ పిల్లలకు తల్లి కావాల్సిన మా ల్యాబ్రడార్ బంగారి, నల్గొండలో మా ఇంటికి వచ్చినవాళ్లందరికీ తెలుసు, గేటు తీయగానే మీ చెప్పు ఎత్తుకొని ఉరికేది అదే. నెల రోజులుగా పొద్దున లేవడానికి వెనక కాళ్లు కూడదీసుకుంటుంటే ముసురుకు పట్టేసిందేమో అనుకున్నా. మెట్లు ఎక్కేటప్పుడు రెండు వెనక కాళ్లూ కలిపి కుందేలులాగ గెంతుతోందని మా ఇంటామె కనిపెట్టింది. హైదరాబాద్ తీసుకుపోయి, మత్తిచ్చి ఎక్స్‌రే తీయిస్తే తుంటి గిన్నెకు లోతు లేదు, తొడ ఎముక తల సగం బయటే ఉంది. హిప్ డిస్‌ప్లేసియా అంటారు, ల్యాబ్రడార్లలో, జర్మన్ షెపర్డ్‌లలో వంశపారంపర్యంగా వస్తుంది. బంగారికి ఇప్పుడు నాలుగేళ్లు. రెండేళ్లు నిండగానే, మొదటిసారి ఈనకముందే తీయించాల్సిన ఎక్స్‌రే అది. నేను తీయించలేదు. కాగితాలు బాగున్నాయి, కుక్క ఉరుకుతోంది, ఇంకేం కావాలి అనుకున్నా. తప్పు నాదే.

బంగారికి పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయిస్తున్నా, మా ఇంట్లోనే ఉంటుంది. మరి మీ ఇంకో ఆడకుక్క జూలీ ఉంది కదా అని ఇద్దరు అడిగారు. జూలీ మొన్న మేలోనే ఈనింది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం రూల్స్ ప్రకారం ఏడాదికి ఒక్క ఈతే, బతుకు మొత్తంలో ఐదుకు మించొద్దు, పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జత కట్టించొద్దు. రూలు లేకపోయినా, పాలిచ్చి పక్కటెముకలు తేలిన కుక్కను మళ్లీ ఎదకు రాగానే కట్టించడానికి మనసెట్ల వస్తుంది?

బంగారి రెండు ఈతల్లో పుట్టిన పదమూడు పిల్లలను నా చేతుల మీదుగానే ఇచ్చా. తీసుకున్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నా. తల్లికి ఉంటే పిల్లలన్నిటికీ వస్తుందని కాదు, కానీ మీ కుక్క లేవడానికి తిప్పలు పడుతున్నా, కాసేపు ఆడి కూర్చుండిపోతున్నా ఎక్స్‌రే తీయించండి, సగం ఖర్చు నాది. బరువు పెరగనివ్వకండి, అన్నం మీద నెయ్యి పోసి ముద్దు చేయడం ఆపండి. గ్రానైట్, టైల్స్ మీద కాళ్లు జారితే ఉన్న నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, అది తిరిగే చోట గోనెసంచో పాత చాపో పరవండి. షాబాద్ బండల ఇల్లు అయితే ఆ బాధ కొంత తక్కువ.

ఇక పండగకు పిల్ల కావాల్సిందే, వేరే దగ్గర కొంటాం అంటే కొనండి, కోపమేం లేదు. కానీ తల్లిని చూడకుండా మాత్రం కొనకండి. ఫోటోలో కాదు, ఎదురుగా. ఏదో ఒక ఆడకుక్కను తెచ్చి ఇదే తల్లి అని చూపించేవాళ్లున్నారు, రొమ్ములు చూడండి, పాలు తాపిన కుక్కవి వేలాడుతుంటాయి, పిల్లలు దాని కిందికి దూరుతాయి. పిల్ల పొట్ట మాత్రం కుండలాగ ఉబ్బి, ఒళ్లు ఎండిపోయి ఉంటే నట్టల మందు పడలేదన్నట్టే. బస్సు డిక్కీలో అట్టపెట్టెలో పంపిస్తాం అంటే అక్కడికక్కడే వద్దనండి.

నలభై రోజుల పిల్ల అయితే తొందరగా మచ్చిక అవుతుందని మన దగ్గర ఒక నమ్మకం. ఎనిమిది వారాలు నిండకుండా అమ్మొద్దని అదే రూల్స్‌లో ఉంది, దానికి కారణం కూడా ఉంది. తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ ఆ వయసులోనే తగ్గుతూ వస్తుంది, టీకా సూది ఇంకా పూర్తిగా పట్టదు, ఆ సందులోనే పార్వో అనే వైరస్ జబ్బు దూరుతుంది. వాంతులు, రక్తపు విరేచనాలు, రెండు మూడు రోజుల్లో పిల్ల చేతుల్లోనే పోతుంది. ఆ క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, అందుకే నేను గేటు దగ్గరే చెప్పులు విడిపించి కాళ్లు కడిగిస్తా, కొంతమందికి అది చాదస్తంగా ఉంటుంది, ఉండనివ్వండి. ఒక్క సూదితో అయిపోయిందనుకోవద్దు. మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు వచ్చేదాకా వేయించాలి, రేబిస్ సూది మూడు నెలలకు.

కుక్కల వంశం నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఇచ్చే కాగితం తల్లిదండ్రులు ఎవరో చెప్తుంది, తుంటి ఎలా ఉందో చెప్పదు. ఆ తేడా నాకే ఇంత ఆలస్యంగా తెలిసింది. ఎక్స్‌రే చూపించమని అడగండి. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. విసుక్కుంటే లేచి వచ్చేయండి. మిమ్మల్ని కూడా నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్లయితే నయం. పగలు ఇంట్లో ఎవరుంటారు, డాబా మీద కట్టేస్తారా, ఎండాకాలం ఏం చేస్తారు అని. మొన్న ఒకాయన మిర్యాలగూడ నుంచి వచ్చి హస్కీ తెప్పించి పెట్టమన్నారు, రేటు ఎంతైనా పర్లేదట. సార్, మన మే నెల ఎండకు మనమే ఉండలేకపోతున్నాం, మంచులో బతికే కుక్కను తెచ్చి ఏసీ గదిలో జైలు పెడతారా అన్నా. కోపంగా పోయారు.

పదమూడు మందిలో పన్నెండు మందితో మాట్లాడా. దేవరకొండ రోడ్డు వైపు నుంచి వచ్చి, రెండో ఈతలో చెవి మీద మచ్చ ఉన్న మగపిల్లను తీసుకెళ్లిన టీచర్ గారూ, మీ నంబర్ మారినట్టుంది. ఇది చూస్తే ఒకసారి ఫోన్ చేయండి.