యంత్రం ఇస్తున్నారు సరే, దాన్ని నడిపే మనిషినీ ఇవ్వండి: క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను ఫిజియోథెరపిస్టుని. మోకాలికి ఆపరేషన్ అయిన ఆటగాళ్లను మళ్లీ మైదానానికి పంపడమే నా పని. శిక్షణ కేంద్రాలకు, పునరావాస విభాగాలకు కొనాల్సిన పరికరాల జాబితాలు మీ సంతకం కోసం వస్తుంటాయి. వాటిలో ఐసోకైనెటిక్ డైనమోమీటర్, అంటే కండరాల బలాన్ని కొలిచే యంత్రం, పేరు మీ కంట పడే ఉంటుంది. జాబితాలో బాగా ఖరీదైన వస్తువుల్లో అదొకటి. ఈ ఉత్తరం దాని గురించే.

మామూలుగా జిమ్‌లో బరువు ఎత్తేటప్పుడు బరువు మారదు, వేగం మన ఇష్టం. ఈ యంత్రంలో వేగం మారదు. కుర్చీలో కూర్చోబెట్టి, తొడను, నడుమును, ఛాతీని పట్టీలతో బిగించి, చీలమండకు కాస్త పైన ప్యాడ్ కడతాం. సెకనుకు 60 డిగ్రీలు అని పెడితే, ఎంత గట్టిగా తన్నినా కాలు అంతకన్నా వేగంగా కదలదు. మనిషి ఎంత బలం పెడితే యంత్రం అంత ఎదురు నిలుస్తుంది. మోకాలు 90 డిగ్రీలు తిరగడానికి ఆ వేగంలో ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ ఒకటిన్నర సెకనులో ఏ కోణంలో కండరం ఎంత టార్క్ (కీలును తిప్పే బలం) ఇచ్చిందో, ఎక్కడ తగ్గిందో గీతగా తెరమీద కనిపిస్తుంది. ఇదేమీ నిన్న మొన్న వచ్చిన ఆలోచన కాదు. హెలెన్ హిస్‌లాప్, జేమ్స్ పెరీన్ 1967లోనే ఈ పద్ధతిని ఒక వ్యాసంలో వివరించారు.

ఇది లేకపోతే ఏమవుతుందో నా దగ్గర జరిగిన ఒక సంగతి చెబుతాను. పందొమ్మిదేళ్ల వాలీబాల్ అమ్మాయి. ఏసీఎల్, అంటే మోకాలిని లోపల పట్టి ఉంచే ఒక లిగమెంట్, దానికి ఆపరేషన్ అయి ఆరు నెలలు దాటింది. వాపు లేదు, నొప్పి లేదు, పరుగెత్తుతోంది, గుంజిళ్లు తీస్తోంది. టేపుతో కొలిస్తే రెండు తొడల చుట్టుకొలత దాదాపు సమానం. చేత్తో అదిమి చూసే పరీక్షలో రెండు కాళ్లకీ ఐదుకి ఐదు వేశాను. "ఇంకెందుకు మేడమ్ ఆపడం, వచ్చే నెల టోర్నమెంట్ ఉంది" అన్నారు కోచ్. ఆయన తప్పేమీ లేదు. నా చేతులు కూడా ఆయన మాటే అన్నాయి.

అయినా యంత్రం మీద కూర్చోబెట్టాను. ముందు బాగున్న కాలు. తొడ ముందు కండరం, అంటే క్వాడ్రిసెప్స్, 150 న్యూటన్ మీటర్లు (టార్క్‌ని కొలిచే ప్రమాణం) ఇచ్చింది. తర్వాత ఆపరేషన్ అయిన కాలు. పళ్లు బిగబట్టి తన్నింది. 98. అంటే 65 శాతం. మొదటి కాలి గీత గుట్టలా నున్నగా లేచి దిగింది. రెండో గీత మధ్యలో కుంగిపోయి, కాసేపు వణికి, మళ్లీ కొంచెం లేచింది. అమ్మాయి తెరవైపు చాలాసేపు చూసి, "నేను సగం కాలితో గెంతుతున్నానా మేడమ్?" అంది. కోచ్ ఇంకేమీ అడగలేదు. ఇంకో నాలుగు నెలలు బలం పెంచే శిక్షణ ఇచ్చాం. మళ్లీ కొలిస్తే 154కి 141 వచ్చింది, 90 శాతం పైనే. అప్పుడు పంపాను.

చేత్తో చూసే పరీక్ష పనికిరానిదని నేను అనడం లేదు. పక్షవాతం వచ్చిన మనిషి చేయి లేపగలుగుతున్నాడా లేదా అని చూడటానికి అది చాలు. కానీ ఆటగాడి తొడ బలం ముందు నా చేయి బలం ఎంత? 98 దగ్గరా నా చేయి ఓడిపోతుంది, 150 దగ్గరా ఓడిపోతుంది. ఆ రెండింటి మధ్య తేడా నాకెలా తెలుస్తుంది? పైగా మోకాలిలో వాపు, దెబ్బ ఉన్నప్పుడు నరాల స్థాయిలోనే క్వాడ్రిసెప్స్‌కు బ్రేకు పడుతుంది. నొప్పి పోయాక కూడా ఆ బ్రేకు వెంటనే వదలదు. మనిషికి మాత్రం అంతా బాగానే అయిపోయినట్టు అనిపిస్తుంది.

బయటి ఆధారం కూడా ఉంది. ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్ల మీద 2016లో నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. తొమ్మిది నెలలు నిండేదాకా ఆటకు తిరిగి రావడాన్ని ఒక్కో నెల ఆలస్యం చేసినకొద్దీ మళ్లీ మోకాలికి దెబ్బ తగిలే అవకాశం సగానికి సగం తగ్గిందని, రెండు కాళ్ల క్వాడ్రిసెప్స్ బలం దగ్గరగా ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఇంకా తగ్గిందని అందులో తేలింది. అదే ఏడాది ఖతార్‌లో 158 మంది ప్రొఫెషనల్ ఆటగాళ్లను గమనించారు. డిశ్చార్జికి పెట్టిన ఆరు పరీక్షలూ దాటకుండా వెళ్లినవాళ్లలో, తెగిన లిగమెంట్ బదులు ఆపరేషన్‌లో వేసిన గ్రాఫ్ట్ మళ్లీ తెగే ముప్పు నాలుగింతలు కనిపించింది. ఆ ఆరింటిలో ఈ యంత్రం మీద చేసే బలం పరీక్ష ఒకటి. మన దగ్గర మాత్రం "ఆరు నెలలయింది కదా" అనే మాటే ఇంకా సర్టిఫికెట్‌లా చెల్లుతోంది. క్యాలెండర్ ఒక్కటే చూసి ఆటకు పంపడం నాకు భయంగా ఉంటుంది.

ఇంత చెప్పాను కాబట్టి యంత్రాలు ఇంకా ఎక్కువ కొనమంటానని మీరు అనుకోవచ్చు. నేను అడిగేది అది కాదు.

ఈ యంత్రం తనంతట తాను నిజం చెప్పదు. కూర్చోబెట్టిన మనిషి మోకాలి కీలు, యంత్రం ఇరుసు ఒకే గీతలో ఉండాలి. తొడ ఎముక కింది చివర బయటివైపు ఉండే గుబ్బను వేలితో తడిమి, దానికి ఎదురుగా ఇరుసు నిలపాలి. పట్టీ వదులుగా ఉంటే నడుము లేచి, తొడ పని నడుము చేస్తుంది. అసలు పరీక్షకు ముందు రెండు మూడుసార్లు తన్నించి అలవాటు చేయాలి. లేకపోతే మొదటిసారికి, రెండోసారికి మధ్య పెరిగింది బలమో, అలవాటో చెప్పలేం. ఇక కాలి బరువు ఉంది. కూర్చుని కాలు చాపేటప్పుడు పిక్క, పాదాల బరువు క్వాడ్రిసెప్స్‌ని కిందికి లాగుతుంది. మడిచేటప్పుడు అదే బరువు తొడ వెనక కండరానికి, హ్యామ్‌స్ట్రింగ్‌కి, సాయం చేస్తుంది. 70 కిలోల మనిషి కాలు చాచి ఉంచితే ఆ బరువు వల్లే దాదాపు పది న్యూటన్ మీటర్ల తేడా వస్తుంది. అందుకే ముందుగా కాలిని తూచి, ఆ లెక్కను యంత్రానికి ఇవ్వాలి.

ఒకచోట ఆ ఒక్క మెట్టు దాటేశారు. ఎక్కడో చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు. హ్యామ్‌స్ట్రింగ్ బలం క్వాడ్రిసెప్స్‌లో ఎంత వంతు ఉందో చూసే నిష్పత్తి ఒకటుంది. సెకనుకు 60 డిగ్రీల వేగంలో అది 0.6 దరిదాపుల్లో ఉండాలని మేం చూసుకుంటాం. అక్కడ ఒక స్ప్రింటర్ రిపోర్టులో ఆ అంకె చక్కగా ఉంది. కుర్రాడు సంతోషంగా ట్రాక్ ఎక్కాడు. తర్వాత నా దగ్గరకొచ్చినప్పుడు కాలిని తూచి మళ్లీ కొలిస్తే 0.5 కూడా రాలేదు. యంత్రం కొత్తదే, రిపోర్టు రంగుల్లో అచ్చయిందే. చేసినవాళ్లకు నేర్పినవాళ్లే లేరు. యంత్రాన్ని బిగించిన రోజు కంపెనీ మనిషి ఒక పూట చూపించి వెళ్లాడట. ఆ తర్వాత క్యాలిబ్రేషన్ చేయడానికి, అంటే యంత్రం కొలత సరిగ్గా ఉందో లేదో సరిచూడటానికి, ఎవరూ రాలేదట. ఇంకో కేంద్రంలో అయితే దాని మీద గుడ్డ కప్పి, పైన అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆపరేటర్ బదిలీ అయ్యాడని చెప్పారు.

మంత్రి గారూ, నా విన్నపం ఇదే. ఆ ఫైలులో యంత్రం పేరున్న వరుస కిందే దాన్ని నడిపే ఫిజియో పోస్టు, ఆ ఫిజియోకి శిక్షణ, ఏటా క్యాలిబ్రేషన్ ఖర్చు కూడా రాయించండి. ఇవి లేని చోటికి యంత్రం పంపకండి. ఆ డబ్బుతో చిన్న కేంద్రాలకు చేతిలో పట్టే డైనమోమీటర్లు, గట్టి కుర్చీలు, బెల్టులు ఇవ్వండి. కాలు కదలకుండా బెల్టుతో కట్టి తన్నించి కొలవచ్చు. అది కోణాలన్నిటి గీత చూపదు కానీ, రెండు కాళ్ల మధ్య పెద్ద తేడా ఉంటే పట్టిస్తుంది. జాగ్రత్తగా చేసిన చిన్న కొలత, అజాగ్రత్తగా చేసిన పెద్ద కొలత కన్నా నాకు నమ్మకం.

ఇంకో భయం కూడా చెప్పాలి. అంకె చేతికొచ్చాక దాన్ని సెలక్షన్‌కు వాడాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి అలా జరగనివ్వకండి. హ్యామ్‌స్ట్రింగ్ గాయాల మీద 2008లో వచ్చిన ఒక ఫుట్‌బాల్ అధ్యయనం బలంలో అసమానత ముప్పు పెంచుతుందని చెప్పింది. 2016లో 614 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లతో చేసిన ఇంకోదాంట్లో ఆ సంబంధం చాలా బలహీనంగా కనిపించింది. ఫలానావాడికి రేపు గాయమవుతుందని ఈ యంత్రం జోస్యం చెప్పలేదు. కుర్చీలో కూర్చుని ఒక్క కీలును కదిపితే వచ్చిన అంకె అది. గెంతి దిగడం, మలుపు తిరగడం, మనసులో ఉన్న భయం, ఇవన్నీ వేరేగా చూడాల్సినవే. ఆటకు దూరంగా ఉన్నన్నాళ్లూ బాగున్న కాలు కూడా నీరసిస్తుంది కాబట్టి, 90 శాతం అనే అంకె కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. గాయానికి ముందే ఆరోగ్యంగా ఉన్నప్పటి కొలత ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అందుకని శిక్షణలో చేరగానే ఒకసారి కొలిచి దాచమని అడుగుతున్నాను.

ఆ కాగితం ఒక కాపీ ఆటగాడి చేతికే ఇవ్వాలని కూడా ఉత్తర్వులో రాయించండి. ఏ వేగంలో కొలిచారు, కుర్చీ ఏ నంబరులో పెట్టారు, కాలి బరువు తీసేశారా లేదా అన్నది దాని మీద ఉండాలి. మా వాలీబాల్ అమ్మాయి తన రెండు గీతలనూ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని తిరుగుతోంది. కొత్త కోచ్ దగ్గరకు వెళ్లినప్పుడు ముందు అదే తీసి చూపించిందట.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక ఫిజియోథెరపిస్టు