కూడికలోకి రాని కాల్ గంటలు

సంపాదకులకు నమస్కారం.

రెసిడెంట్ డాక్టర్ల, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చదివేవాళ్ల, డ్యూటీ గంటల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ సర్జరీ గురించో, ఐసీయూ గురించో మాట్లాడతారు. కుటుంబ వైద్యులుగా తయారయ్యే ఫ్యామిలీ మెడిసిన్ పీజీల ఊసు రాదు. వచ్చినా, ‘వాళ్లకేం, ఓపీ చూసుకుని ఇంటికి పోతారు’ అనే మాటతో తేలిపోతుంది. నేను ఈ విభాగంలో పీజీలకు పాఠం చెబుతున్న డాక్టర్‌ని. వాళ్లు నిజంగా ఎన్ని గంటలు పనిచేస్తున్నారో కూడి చూసేవాళ్లే లేరన్నది నా ఫిర్యాదు.

ఈ మూడేళ్ల చదువు ఒకే యూనిట్‌లో గడవదు. ఒక నెల జనరల్ మెడిసిన్ వార్డు, ఆ తర్వాత లేబర్ రూమ్, పిల్లల వార్డు, క్యాజువాలిటీ. ప్రతి విభాగానికీ తన రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, ఉంటుంది. ఏ రోస్టర్‌కి ఆ రోస్టర్ చూస్తే తప్పు కనిపించదు. నెలాఖరు రాత్రి లేబర్ రూమ్‌లో డ్యూటీ చేసిన పీజీ ఒకటో తారీఖు పొద్దున్నే పిల్లల వార్డు రౌండ్స్‌లో నిలబడాలి. రాత్రంతా మేలుకుని వచ్చిన సంగతి అక్కడి హెచ్‌ఓడీకి తెలియదు. ఆయన లెక్కలో అది కొత్త పీజీకి మొదటి రోజు.

దీనికి తోడు ఈ కోర్సుకే ప్రత్యేకమైన ఇంకో బాధ్యత ఉంది. ఒకే కుటుంబాన్ని ఏళ్ల తరబడి చూడడం నేర్చుకోవాలి కాబట్టి, ఏ పోస్టింగ్‌లో ఉన్నా మధ్యమధ్య సొంత క్లినిక్‌కి వచ్చి తమ పేషెంట్లను చూసుకునేలా శిక్షణ పెడతారు. మంచి పద్ధతే, దాన్ని తీసేయమని నేను అనను. కానీ క్లినిక్ పూట నైట్ డ్యూటీ మర్నాడే పడితే? ‘మీ డ్యూటీ అయిపోయింది, వెళ్లొచ్చు’ అని వార్డువాళ్లు అంటారు. ‘మీ పేషెంట్లు కూర్చున్నారు, రండి’ అని క్లినిక్‌వాళ్లు అంటారు. ఇద్దరి మాటా న్యాయమే. మధ్యలో నలిగేది పీజీ, ఆ తర్వాత పేషెంటు.

ఇంటి నుంచి చేసే కాల్, అంటే ఫోన్ వస్తే పలకడానికి సిద్ధంగా ఉండే డ్యూటీ, దాని సంగతి మరీ అన్యాయం. ఆసుపత్రిలో ఉండక్కర్లేదు గనుక దాన్ని విశ్రాంతి కింద జమకట్టేస్తారు. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. పసిబిడ్డకు జ్వరం, పాలు తాగడం లేదని తల్లి చెబుతుంది. బిడ్డను చూడకుండా, చెయ్యి పట్టకుండా, ఇప్పుడే తీసుకురమ్మనాలా, తెల్లారేదాకా ఆగమనాలా అన్నది తేల్చాలి. మాట్లాడింది ఐదు నిమిషాలే. పెట్టేశాక, ఊపిరి ఎలా తీసుకుంటోందో అడిగానా లేదా అన్న టెన్షన్‌తో నిద్ర పట్టదు. కళ్లు మూతపడే వేళకి ఇంకో ఫోన్. ఇన్సులిన్ వేసుకున్న పెద్దాయనకు చెమటలు పడుతున్నాయట. అలాంటి రాత్రి తర్వాత కూడా మామూలుగానే పొద్దున రౌండ్స్‌కి రావాలి. హాజరు పట్టీలో ఆ రాత్రి జాడే ఉండదు.

మిగతా దేశాలు ఈ చిక్కును ఎప్పుడో పట్టించుకున్నాయి. అమెరికాలో రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ 2003లో వారానికి 80 గంటల హద్దు పెట్టింది. అది నాలుగు వారాల సగటు. ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు ఉండాలి, ఆసుపత్రిలో ఉండి చేసే కాల్ మూడు రాత్రులకు ఒకటి మించకూడదు. 80 గంటలు తక్కువేమీ కాదు, దాన్ని ఆదర్శమని నేను చెప్పను. అయితే ఇంటి నుంచి చేసిన వైద్యం పనిని కూడా ఆ 80లోనే కలపాలని 2017లో స్పష్టంగా రాశారు. యూరప్‌లో హద్దు 48 గంటలు. స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాథమిక వైద్య కేంద్రాల డాక్టర్ల కేసులో యూరోపియన్ కోర్టు 2000లోనే తీర్పు ఇచ్చింది. కేంద్రంలో ఉండి చేసే కాల్ మొత్తం పని సమయమేనని, ఇంటి దగ్గర అందుబాటులో ఉన్నప్పుడు నిజంగా పనిచేసిన సమయం లెక్కకు వస్తుందని చెప్పింది. అంటే ఈ ప్రశ్నను కోర్టు దాకా తీసుకెళ్లింది మా కోవ డాక్టర్లే.

మన దగ్గరా అంకెలు లేకపోలేదు. రెసిడెంట్లు మామూలుగా వరసగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించి పనిచేయకూడదని, కాల్ డ్యూటీ కూడా ఒక విడతకు 12 గంటలు దాటకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ 1992లో ఆదేశించింది. 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన పీజీ నిబంధనల్లో ఆ అంకెలు కనిపించవు. ‘సహేతుకమైన’ పనిగంటలు ఉండాలని మాత్రం ఉంది. సహేతుకం అంటే ఎంత? దాన్ని తేల్చేది రోస్టర్ వేసే మనిషే. వారానికి 74 గంటలు మించకుండా చూడాలని 2024లో కమిషన్ టాస్క్‌ఫోర్స్ సూచించింది. సూచన సూచనగానే మిగిలింది.

గంటలు తగ్గిస్తే పేషెంటు బాధ్యత ఒక డాక్టరు నుంచి ఇంకొకరి చేతికి మారే హ్యాండోవర్లు పెరిగి పేషెంట్లకే నష్టమని సీనియర్లు అంటారు. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అమెరికాలో సర్జరీలోనూ జనరల్ మెడిసిన్‌లోనూ జరిగిన రెండు పెద్ద పరిశోధనల్లో, షిఫ్టు పొడవు మీద సడలింపు ఇచ్చిన చోట మరణాలు పెరిగినట్టు తేలలేదు. కానీ ఆ రెండూ 80 గంటల హద్దుకు లోబడి జరిగినవే. హద్దే లేని చోట వాటిని సాక్ష్యంగా చూపడం న్యాయం కాదు. 2004లో వెలువడిన మరో పరిశోధనలో, ఐసీయూలో పాత పద్ధతి సుదీర్ఘ షిఫ్టులు చేసిన ఇంటర్న్‌లు దాదాపు 36 శాతం ఎక్కువ తీవ్రమైన తప్పులు చేశారు. సుదీర్ఘ షిఫ్టు ముగించి బండి నడుపుకుంటూ వెళ్లే ఇంటర్న్‌లకు ప్రమాదం జరిగే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువని ఆ మరుసటి ఏడాది ఇంకో అధ్యయనం చెప్పింది. పేషెంటు క్షేమం గురించి వాదించేవాళ్లు డాక్టరు క్షేమాన్నీ అదే పద్దులో రాయాలి.

నా విన్నపం ఇది. పీజీ ఏ పోస్టింగ్‌లో ఉన్నా గంటలు కూడే బాధ్యత ఫ్యామిలీ మెడిసిన్ విభాగానికే ఇవ్వండి, హద్దు దాటితే ఆ డ్యూటీని రద్దు చేసే అధికారంతో సహా. నైట్ డ్యూటీ మర్నాడు క్లినిక్ వేయకండి, ఆ పేషెంట్లను సీనియర్లం మేం చూస్తాం. గంటల పట్టీ మీద సంతకం పెట్టేది, పరీక్షలో మార్కులు వేసేది ఒకే మనిషి అయితే ఏ పీజీ నిజం రాయడు, ఆ రెండు పనులూ విడదీయండి. నిబంధనల్లో ‘సహేతుకం’ బదులు అంకె రాయండి. తనిఖీకి వచ్చే బృందాలు గోడకు అంటించిన రోస్టర్‌తో పాటు, కాల్ ఫోన్‌లో గత నెల రాత్రుళ్ల రికార్డును కూడా అడిగి చూడాలి.

— ఫ్యామిలీ మెడిసిన్ అధ్యాపకుడు