‘మా కుక్క ఏమనదు’ అంటే గొర్రెకు తెలుస్తుందా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆదివారం వచ్చిందంటే రాచకొండ గుట్టల కింద కార్లు వరుస కడుతున్నాయి. ఒకప్పుడు రేచర్ల పద్మనాయకులు రాజధానిగా ఏలిన కోట, హైదరాబాద్‌కు దగ్గర, ఎక్కడానికి బాగుంటుంది. రానివ్వండి, సంతోషమే. ఈ మధ్య కుక్కలను వెంట తెచ్చుకునేవాళ్లు కూడా పెరిగారు. నేనూ వాళ్లలో ఒకణ్నే. నా తప్పు నుంచే మొదలుపెడతాను.

పోయిన సీతాఫలాల కాలంలో ఒక పొద్దున, కొంత దూరం ఎక్కాక జనం ఎవరూ లేరు కదా అని మా కుక్క మెడకున్న బెల్టు తీసేశాను. తుప్పల వెనక గొర్ల మంద ఉందని నాకంటే ముందు దానికే తెలిసింది. అది కరవలేదు, మొరగను కూడా లేదు. ఆటకు పోయినట్టు తోక ఊపుకుంటూ ఉరికింది. మంద మాత్రం ఒక్కసారిగా చెదిరి బండల మీదికి ఎగబడింది. ‘ఏమనదు తాతా, మా కుక్క మంచిదే’ అని కింది నుంచి అరిచాను. గొంగడి భుజాన వేసుకున్న ఆ పెద్దాయన తిట్టలేదు. ‘నీ కుక్క ఏమనదని నీకెరుక బిడ్డా, గొర్లకెట్ల ఎరుక?’ అన్నాడు.

అందులో ఒక చూడి గొర్రె బండ మీంచి జారిపడింది. మూడో రోజు అది ఈసుకుపోయిందని, అంటే దాని కడుపు పోయిందని, మళ్లీ వెళ్లినప్పుడు తెలిసింది. డబ్బులిస్తే ఆయన మొదట ముట్టలేదు. బతిమాలి ఇచ్చి వచ్చాను.

అప్పటి నుంచి బెల్టు విప్పడం లేదు. పిలిస్తే వస్తుందిలే అనే ధైర్యం ఇంటి ముందు గల్లీలో చెల్లుతుంది గానీ, కుందేలు కనబడితే చెల్లదు. పైగా నెమళ్లు, కౌజు పిట్టలు గుడ్లు పెట్టేది నేల మీదే. వానాకాలంలో పొదల్లోకి కుక్కను వదిలితే ఏం తొక్కి వస్తుందో మనకు కనబడదు. ఎదురొచ్చేవాళ్లలో కుక్కంటే భయం ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్లు కనబడగానే పక్కకు జరిగి, కుక్కను కూర్చోబెట్టి దారి ఇవ్వాలి. దీనికి ఖర్చేమీ కాదు.

దాని పెంట కవర్లో ఎత్తుకుని కిందికి తేవాలంటే చాలామంది నవ్వుతారు. బండల మీది దొనల్లో నిలిచిన వాన నీళ్లే మేకలు తాగేది. ఆ ఒడ్డునే వదిలేసి వస్తే ఎట్లా?

ఇక ఎండ సంగతి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఒగర్చడమే దానికున్న ప్రధానమైన ఆధారం. పది దాటితే మన బండలు పెనంలా కాలతాయి. చెప్పులేసుకున్న మనకు అది తెలియదు. చేతి వెనక భాగం 7 సెకన్లు బండకు ఆనించి చూడండి. ఓర్చుకోలేకపోతే కుక్కను నడిపించొద్దు. తెల్లారేసరికి ఎక్కడం మొదలుపెట్టి తొందరగా దిగిపోవడం మేలు. దాని నీళ్లు, గిన్నె వేరుగా తీసుకుపోవాలి. ఇంటికొచ్చాక చెవుల వెనక, వేళ్ల సందుల్లో గోమార్లు వెతకాలి. రేబిస్ టీకా సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

అమ్రాబాద్ పులుల అడవి వైపు వెళ్లేవాళ్లు మాత్రం కుక్కను ఇంట్లోనే వదిలిపెట్టాలి, బెల్టు ఉన్నా సరే. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కొన్నింటికి కనైన్ డిస్టెంపర్ సోకినట్టు తేలింది. అది కుక్కలకు మామూలుగా వచ్చే జబ్బే. మన కుక్క పైకి ఆరోగ్యంగా కనబడినంత మాత్రాన సరిపోదు.

సంబంధిత అధికారులకు నా మనవి ఒక్కటే. కార్లు ఆపే చోట, మెట్ల దగ్గర ఒక బోర్డు పెట్టించండి. ‘గొర్లు మేస్తున్నాయి, కుక్కకు బెల్టు ఉండాలి’ అని పెద్ద అక్షరాలతో ఉంటే చాలు. రంగుకు, రాయించడానికి అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, చౌటుప్పల్