యువత సేవకు ఇచ్చే గ్రాంటు లెక్క ఊరికి తెలియాలి

సంపాదకులు గారికి నమస్కారం.

యువతతో సేవా కార్యక్రమాలు చేయించడానికి ప్రభుత్వాలు స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తుంటాయి. ఇవ్వకూడదని నేను అనను. ఒడిశాలోని గంజాం జిల్లాలో పుట్టి పెరిగి, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) బాధ్యతలు చూసినవాణ్ణి. ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ ఏ సంస్థకు ఎంత ఇచ్చారో, అందులో పని చేసిన పిల్లల చేతికి ఎంత చేరిందో ఊళ్లో ఎవరికీ తెలియడం లేదు. నా బాధ అదే.

ఈ ప్రాంతానికి యువత సేవ ఎంత ముఖ్యమో బయటివాళ్లకు అంతగా అర్థం కాదు. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్న రాష్ట్రం మాది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటేసరికి సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు. అందుకే ప్రాణనష్టం అంతగా తగ్గింది. జనాన్ని తరలించమనే ఆర్డరు భువనేశ్వర్ నుంచి వస్తుంది, నిజమే. ఆర్యపల్లి, పొడంపేట లాంటి తెలుగు మత్స్యకార గ్రామాల్లో మాత్రం పడవలూ వలలూ వదిలి రానని మొండికేసిన మనిషిని చెయ్యి పట్టుకుని షెల్టరుకు తీసుకెళ్లేది ఆ ఊరి కుర్రాళ్లే. కొత్త ఉద్యోగి వచ్చి ఒడియాలో ఎంత చెప్పినా కదలని ముసలావిడ, తెలిసిన పిల్లాడు వచ్చి "లే మామ్మా, సముద్రం పైకొస్తోంది" అంటే లేస్తుంది. 2020 వేసవిలో పనికోసం సూరత్ వెళ్లిన మనవాళ్లు వేలకు వేలు తిరిగొచ్చినప్పుడు, బడుల్లో పెట్టిన క్వారంటైన్ కేంద్రాల్లో పేర్లు రాసుకున్నదీ, అన్నం వడ్డించిందీ ఎక్కువగా ఇలాంటి పిల్లలే.

అదే వేసవిలో కెనడాలో జరిగిన సంగతిని మన అధికారులు ఒకసారి చదవాలి. కరోనా వల్ల వేసవి ఉద్యోగాలు లేని విద్యార్థులు సేవ చేస్తే ఒక్కొక్కరికి 5,000 డాలర్ల వరకు ఇస్తామని అక్కడి ప్రభుత్వం జూన్ 25న ప్రకటించింది. కేటాయింపు 91 కోట్ల డాలర్ల పైమాటే. పథకం నడిపే పనిని మాత్రం పోటీ లేకుండా 'వీ చారిటీ' అనే సంస్థకు అప్పజెప్పింది. నిర్వహణ కింద ఆ సంస్థకు 4.35 కోట్ల డాలర్ల దాకా ఇవ్వాలన్నది ఒప్పందం. ఆ సంస్థ సభల్లో మాట్లాడినందుకు అప్పటి ప్రధాని ట్రూడో తల్లికీ తమ్ముడికీ డబ్బు ముట్టిన సంగతి తర్వాత బయటపడింది. ఆర్థిక మంత్రి బిల్ మోర్నో కుటుంబ ప్రయాణాల ఖర్చు ఆ సంస్థే భరించిందని తేలితే, ఆయన 41,366 డాలర్లు వెనక్కి కట్టారు. జూలై 3న సంస్థ తప్పుకుంది, ఆగస్టులో మోర్నో రాజీనామా చేశారు. మోర్నో నిబంధనలు ఉల్లంఘించారనీ, ట్రూడో ఉల్లంఘించలేదనీ 2021 మేలో నేతల నైతిక నియమాలను చూసే అక్కడి ఎథిక్స్ కమిషనర్ తేల్చారు.

ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టింది మంత్రి రాజీనామా కాదు. పథకం ఆగిపోయింది. దరఖాస్తు పెట్టుకున్న వేలాది విద్యార్థులకు ఆ వేసవి అలాగే గడిచిపోయింది. డబ్బు ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో మొదటే అందరి ముందూ చెప్పి ఉంటే వాళ్లకు ఆ నష్టం జరిగేది కాదు.

మన దగ్గర రూల్స్ లేవా అంటే ఉన్నాయి. గణనీయంగా ప్రభుత్వ నిధులతో నడిచే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం కిందకు వస్తాయని సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది. కేంద్రం గ్రాంటు తీసుకున్న సంస్థ, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అయితే ఆ కాగితం సంస్థ నుంచి ఆఫీసుకు వెళ్లి ఫైల్లో కూర్చుంటుంది. పని జరిగిన ఊరు దాన్ని చూడదు.

మా పేటలో కొందరు అమ్మాయిలు, అబ్బాయిలు ఒక సంస్థ తరఫున ఊరూరా తిరిగి ఆరోగ్య సర్వే చేశారు. నెలనెలా గౌరవ వేతనం ఇస్తామన్నారు. కొన్నాళ్లు ఇచ్చి, ఆ తర్వాత "పైనుంచి ఫండ్ రాలేదు" అన్నారు. బస్సు చార్జీలు కూడా పిల్లలే పెట్టుకున్నారు. సంస్థను అడిగితే ఆఫీసు పేరు, ఆఫీసులో అడిగితే సంస్థ పేరు చెబుతున్నారు. "మాస్టారూ, డబ్బు రాకపోతే పోనీ, సర్టిఫికెట్ అయినా ఇప్పించండి" అని ఒకమ్మాయి అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

సేవకు జీతమేమిటని కొందరు పెద్దలు అంటారు. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో జీతం లేదు. రెండేళ్లలో 240 గంటలు, ఒక ప్రత్యేక శిబిరం, అంతే. అది చదువుకుంటూ చేసేది. నెలల తరబడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పితే అది పని, దానికి డబ్బు ఇవ్వాల్సిందే. కెనడా పథకంలోనూ వంద గంటలకు వెయ్యి డాలర్లంటే కనీస వేతనం కన్నా తక్కువని విమర్శ వచ్చింది.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ కలెక్టర్లకు నా విన్నపం ఇది. జిల్లాలో యువజన సేవకు గ్రాంటు మంజూరైతే సంస్థ పేరు, మొత్తం, అందులో నిర్వహణ ఖర్చు ఎంత, వాలంటీర్లకు ఎంత అన్నది పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి. గౌరవ వేతనం నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాల్లో పడేలా చూడండి. తెలుగు ఊళ్లలో బోర్డు ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. ఇంకో మాట. మా తీర గ్రామాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, పెద్దవాళ్లలో చాలామందికి ఏ లిపీ చదవడం రాదు. కాబట్టి ఆ లెక్కను ఊరివాళ్లంతా కూడే పల్లీసభలో తెలుగులో చదివి వినిపించాలి కూడా. వీటికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఈ ఏడాది గ్రాంట్లతోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా