ఈ శుక్రవారం గుల్‌మార్గ్ బయల్దేరేవాళ్లకు: మంచు సంగతి ఉన్నదున్నట్టు

నమస్కారమండీ. శుక్రవారం హైదరాబాద్ నుంచి మనతో వస్తున్నవాళ్లంతా అడుగుతున్నది ఒకటే: "మంచు ఉంటుందా?"

ఇవాళ్టికి కింద గుల్‌మార్గ్ మైదానంలో పలచగానే ఉంది. కొత్తవాళ్లకు స్కీయింగ్ నేర్పే చోట అక్కడక్కడా గడ్డి తేలింది. పైన అఫర్వాత్ కొండ మీద మాత్రం బాగానే ఉంది. బుధవారం దాకా ఇంతే. గురువారం రాత్రి మొదలై శనివారం మధ్యాహ్నం వరకు గట్టిగా పడే సూచనలున్నాయి.

మనకు అల్పపీడనం బంగాళాఖాతంలో పుట్టినట్టు, కశ్మీర్‌కు మంచు తెచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ అనే వాతావరణ అలజడి మధ్యధరా సముద్రం వైపు పుట్టి ఇరాన్, అఫ్ఘానిస్తాన్ మీదుగా వస్తుంది. అది వస్తోందని కొన్ని రోజుల ముందే తెలుస్తుంది. ఎంత పడుతుందన్నది మాత్రం దగ్గరపడ్డాకే తేలుతుంది. గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. వేడి ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా కింద వాన, పైన మంచు పడొచ్చు. అందుకే ఫోన్లో పది రోజుల తర్వాత ఇన్ని అంగుళాలని కనిపించే లెక్క చూసి ఎవరూ టికెట్లు కొనొద్దు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మంచు గట్టిగా పడే రోజున మంచులో ఆడుకోవడం కుదరకపోవచ్చు. గాలి పెరిగితే గొండోలా, అంటే కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ కారు, ఆపేస్తారు. అఫర్వాత్ వెళ్లే రెండో దశైతే, మంచు చరియలు విరిగిపడే ముప్పు లేదని అక్కడి భద్రత చూసే స్కీ గస్తీ దళం వాళ్లు తేల్చాకే తెరుస్తారు. కొండ కింది ఊరు టంగ్‌మార్గ్ నుంచి పైకి 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, టైర్లకు గొలుసులు లేనిదే బండి కదలదు. శ్రీనగర్ విమానాలు రద్దయ్యే అవకాశమూ ఉంది.

కాబట్టి పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు వచ్చే మంగళవారానికి మారితే మంచిదని నా సలహా. హోటల్ తేదీ మార్పుకు మా వైపు నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోం. విమాన టికెట్‌కు మాత్రం ఆ సంస్థ నిబంధనలే. స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లు శుక్రవారమే రండి. విమానం దిగితే చాలు, ఆది, సోమవారాలు మీవే. అయితే గైడ్ లేకుండా, గస్తీ దళం పెట్టిన హద్దు దాటి ఎవరూ వెళ్లొద్దు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినను.

"మంచు గ్యారంటీ" అని మేము ఎప్పుడూ రాయం. డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల చిల్లై కలాన్ అంటే అక్కడ చలి, మంచు బాగా ముదిరే కాలం. అలాంటిది 2024 జనవరిలో చాలా రోజులు గుల్‌మార్గ్ ఎండు గడ్డితోనే ఉంది. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. మనకైతే ఒక సెలవు పోతుంది, అంతే. మంచు మీద స్లెడ్జి బండ్లు లాగేవాళ్లకు, గుర్రాలవాళ్లకు, స్కీ నేర్పే కుర్రాళ్లకు ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ కొద్ది వారాల్లోనే రావాలి. శుక్రవారం మంచు కోసం మీకన్నా ఎక్కువగా ఎదురుచూస్తున్నది వాళ్లే.

గొండోలా టికెట్లు ఆన్‌లైన్‌లో తేదీ ప్రకారమే ఇస్తారు, ఆఖరి నిమిషంలో దొరకవు. మీ నిర్ణయం బుధవారం రాత్రి ఎనిమిదిలోపు చెప్పండి. మన ఊళ్లో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒక్కరిదైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి.