పేటలో ఐదంతస్తులు: సుధాకర్‌కు ఉత్తరం

ఒరేయ్ సుధాకరా,

నీ ఉత్తరం అందింది. పేటలో అపార్ట్‌మెంట్లు లేపి, జోన్ మారుస్తామంటే ఏం చెయ్యాలని అడిగినావు. కర్నూలు పాతబస్తీలో ఏ అరుగు మీద నలుగురు కూర్చున్నా ఇదే రచ్చ కదా! పాత మిద్దె పడగొట్టి ఐదంతస్తులు లేపుతామని ఒకరు, పేటలో ఇటుక కూడా కదపొద్దని ఇంకొకరు. ఊరి మధ్య ఖాళీ జాగాలు నిండాల్సిందే అంటాను నేను. వాటిని కంపచెట్లకు వదిలేసి, నంద్యాల రోడ్డు పొడుగునా పొలాలను వెంచర్లు చేసుకుంటూ పోతే నీళ్ల పైపూ కరెంటు స్తంభమూ చెత్తబండీ అంతదూరం పోవాలి. కానీ ఇళ్లకని పెట్టిన రెసిడెన్షియల్ జోన్‌ను దుకాణాల కమర్షియల్ జోన్ చేసి, సందులోనూ మెయిన్‌రోడ్డు మీదా ఒకే ఎత్తు కట్టుకోవచ్చంటే మాత్రం ఒప్పుకోవద్దు.

ముందు టేపు పట్టుకో. ప్లాన్‌లో 30 అడుగుల రోడ్డని ఉంటుంది. కాలువ మీద బండలు పరిచి ర్యాంపు కట్టినోళ్లు, మెట్లు ముందుకు జరిపినోళ్లు తినేసింది పోతే 18 అడుగులు మిగలొచ్చు. ప్రహరీ నుంచి ప్రహరీకి కాదు, బండి నడిచే వెడల్పు కొలువు. నాలుగు చోట్ల కొలిచి అన్నిట్లో ఇరుకైనది రాసుకో. ఫైరింజను ఇరుక్కునేది అక్కడే.

అసలు తంటా నీళ్లతో. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన ఐదుగురుండే ఇంటికి 675 లీటర్లు. అదే ఐదు సెంట్లలో పది ఫ్లాట్లు వేసి, ఫ్లాటుకు నలుగురనుకుంటే 5,400. అందులో 80 శాతం, అంటే 4,320 లీటర్లు, మురుగై రోజూ బయటికొస్తుంది. ఆ పాత కాలువ దాన్ని మోస్తుందా? కుళాయిలో ధార సన్నబడితే జనం పైపుకే నేరుగా మోటారు బిగిస్తారు. అది పీల్చినప్పుడు కింది ఇళ్లకు చుక్క రాదు. పైగా పైపు కీళ్లు లీకయ్యే చోట పక్క కాలువ మురికి లోపలికి లాగుతుంది. కుళాయి నీళ్లు వాటంతటవే సంపులో పడాలి, మోటారు సంపు నుంచి పై ట్యాంకుకు మాత్రమే తోడాలి. అనుమతిలోనే ఈ షరతు రాయమని అడుగు.

వానకూ లెక్కుంది. ఐదు సెంట్లు సుమారు 202 చదరపు మీటర్లు. ఆ జాగాలో 50 మిల్లీమీటర్ల వాన పడితే పదివేల లీటర్లు. మొత్తం సిమెంటు చేసి ఇంకుడు గుంత తీయకపోతే ఆ నీళ్లన్నీ వీధిలోకే. కొత్త ఇల్లు పునాది రెండు మూడడుగులు ఎత్తు లేపుతుంది, పక్కనున్న పాత ఇంటి గడప పల్లమైపోతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి పేటల్ని ముంచినాయి కదా, అప్పుడు మీ గోడ మీద నీళ్లు ఎంతదాకా వచ్చినాయో పెద్దోళ్లను అడిగి గుర్తు పెట్టు. అలాంటి చోట కింద పార్కింగ్ వదిలి పైన ఇళ్లు కట్టుకుంటే మంచిదే. సెల్లారు తవ్వుతామంటే గట్టిగా అడ్డం చెప్పు.

ఇంకోటి, మీ పక్క మిద్దె గోడ మట్టి, రాయితో కట్టింది. దాని పక్కన జేసీబీ పెట్టి గుంత మొత్తం ఒకేసారి తవ్వితే పునాది కింద మట్టి జారి గోడ కూలుతుంది. నాలుగైదు అడుగుల చొప్పున ముక్కలుగా తవ్వి, కాంక్రీటు వేసి, అది గట్టిపడ్డాకే పక్క ముక్క తవ్వాలి. పని మొదలు కాకముందే గోడ పగుళ్లకు ఫొటోలు తీసి పెట్టుకో, తర్వాత వచ్చే తగాదాలో అవే నీకు సాక్ష్యం.

జోన్ మార్పు ప్రకటన వచ్చాక అభ్యంతరాలకు గడువు సాధారణంగా 15 రోజులే. వందమంది సంతకాలతో ‘మాకొద్దు’ అని ఒక కాగితం ఇస్తే ఫైల్లో పడుంటుంది. ఇంటింటికీ వేరుగా రాయించు: సర్వే నంబరు, వీధి, అన్నిట్లో ఇరుకైన వెడల్పు, కాలువ లోతు, టేపు పట్టిన ఫొటో. కింద మీరు ఏం కోరుతున్నారో రాయండి: ఇరుకు సందుల్లో జీ ప్లస్ టూ (కింది అంతస్తు, పైన రెండు) దాకా చాలు, కాలువ పెద్దది చేశాకే అపార్ట్‌మెంట్లు. ఒక ప్రతి కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌కు, ఒకటి కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ ‘కుడా’కు. నీ నకలు మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ స్టాంపు పడేదాకా కౌంటరు వదలొద్దు.

కొలతలు పంపు, ముసాయిదా నేను రాసి పెడతా.

నీ
రమణ