అటక మీది క్యాసెట్లను పారవేయవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

సంక్రాంతికి ఇల్లు సర్దుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అటక మీద ఏళ్ల తరబడి ముట్టుకోని సామానులో ముందుగా వదిలించుకోవలసినవి పాత ఆడియో క్యాసెట్లని అందులో సలహా ఇచ్చారు. సినిమా పాటల క్యాసెట్ల విషయంలో నాకు అభ్యంతరం లేదు. ఆ పాటలు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. ఇంట్లోవాళ్లు స్వయంగా మాట్లాడి, పాడి నింపుకున్న క్యాసెట్ల సంగతి వేరు. వాటికి మరో ప్రతి ఎక్కడా ఉండదు కాబట్టి, పాఠకులు తొందరపడి వాటిని చెత్తబండిలో వేయవద్దని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కోనసీమ. 1980లలో మా మేనమామ మస్కట్ నుంచి రేడియో, టేప్ రికార్డర్ కలిసి ఉండే టూ ఇన్ వన్ తెచ్చిన నాటి నుంచి మా ఇంట్లో ఉత్తరాలు రాయడం తగ్గిపోయింది. ఆయన అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు మాట్లాడి, ఊరికి వచ్చేవారి చేత పంపేవారు. రెండో వైపు మేమందరం వంతులవారీగా మాట్లాడి, తిరిగి వెళ్లేవారి చేతికి ఇచ్చేవాళ్లం. అలాంటి ఒక క్యాసెట్‌లో, మేము మామ్మ అని పిలిచే మా నాయనమ్మ, తాను సొంతంగా అల్లుకున్న జోలపాట పాడింది. ఆమె గొంతు వెనుక నూతి గిలక కిర్రుమంటూ ఉంటుంది, ఎవరో చేద దించుతారు, మధ్యలో ఒక కోడిపెట్ట అరుస్తుంది. మామ్మ ఫొటోలు మా ఇంట్లో రెండు ఉన్నాయి కానీ, ఆమె ఉన్నదని నాకు అనిపించేది ఆ పాట విన్నప్పుడే.

ఉద్యోగ విరమణ తరువాత ఈ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నాకు వ్యాపకమైంది. మొదట నేను కూడా ఈ పనిని పట్టణంలో ఒక దుకాణానికి అప్పగించాను. వారు శుభ్రం చేస్తున్నామనుకుని వెనుక చప్పుళ్లన్నీ తీసివేశారు. గిలక పోయింది, కోడి పోయింది, మామ్మ గొంతు నీళ్లలో నుంచి వస్తున్నట్టు తయారైంది. అసలు క్యాసెట్ తిరిగి చేతికి రావడం నా అదృష్టం. ఆ తరువాత సొంతంగా మొదలుపెట్టి, పాత టేప్ రికార్డర్‌ను బాగు చేయించకుండానే అదే క్యాసెట్‌ను అందులో పెట్టాను. లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉన్నందువల్ల చుట్టుకోవలసిన రీలు తిరగలేదు, టేపు మాత్రం బయటికి వస్తూ రబ్బరు చక్రానికి చుట్టుకుపోయింది. పెన్సిల్‌తో నెమ్మదిగా వెనక్కి చుట్టి దాన్ని కాపాడుకోగలిగాను కానీ, ఇరవై సెకన్ల మేర పాట నలిగిపోయింది. ఆ పొరపాటు మరొకరు చేయకూడదని ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా రికార్డర్‌కు కొత్త బెల్టు వేయించాలి. టేపు మీది ధ్వనిని చదివే లోహపు భాగమైన హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, అది పూర్తిగా ఆరిన తరువాత, పోయినా బాధలేని ఒక క్యాసెట్‌ను పెట్టి అరగంట నడిపి చూడాలి. విలువైన క్యాసెట్‌ను పెట్టే ముందు దాని వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచివేస్తే, పొరపాటున రికార్డు మీట నొక్కినా పాతది చెరిగిపోదు. టేపును హెడ్డుకు ఆనించి ఉంచే చిన్న ఫెల్టు ముక్క, జిగురు ఎండిపోయి, చాలా క్యాసెట్లలో ఊడిపోయి ఉంటుంది. అప్పుడు గొంతు మసకగా వినిపిస్తుంది. దాన్ని చూసి రికార్డింగే పాడైందని నిరాశ పడవద్దు. మరలతో బిగించిన మరో క్యాసెట్ పెట్టెలోకి రీళ్లను మార్చితే గొంతు మళ్లీ తేటపడుతుంది. తొంభై నిమిషాల టేపు అరవై నిమిషాల దానికంటే పలచన, నూట ఇరవై నిమిషాలది ఇంకా పలచన. వాటిని అదేపనిగా ముందుకూ వెనక్కూ తిప్పకపోవడం మంచిది.

రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు మామూలు ఆడియో వైరు సరిపోతుంది. ల్యాప్‌టాప్‌లో మైక్ రంధ్రం తప్ప వేరేది లేకపోతే, లైన్ ఇన్, అంటే రికార్డర్ వంటి వాటి నుంచి వచ్చే ధ్వనిని తీసుకునే రంధ్రం, ఉన్న చిన్న యూఎస్‌బీ పరికరం కొనుక్కోవాలి, ఎందుకంటే మైక్ రంధ్రంలో ధ్వని పగిలిపోతుంది. నేను ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ధ్వని స్థాయి పై అంచును తాకకుండా కొంత తక్కువగా పెట్టుకోవాలి. తక్కువ ధ్వనిని తరువాత పెంచుకోవచ్చు కానీ పగిలిన ధ్వనిని బాగుచేయలేము. అసలు ప్రతిని, ధ్వనిని కుదించకుండా ఉంచే వేవ్ ఫైలుగానే దాచాలి. గంట రికార్డింగుకు సుమారు 600 ఎంబీ అవుతుంది, నేటి పెన్‌డ్రైవ్‌లకు అది పెద్ద బరువు కాదు. బంధువులకు పంపడానికి ఎంపీ3 ప్రతి వేరుగా చేసుకోవచ్చు. అసలు ప్రతిలో మాత్రం ఏ చప్పుడూ తీసివేయవద్దు.

అన్నింటికంటే ముఖ్యమైన పని కంప్యూటర్‌లో జరిగేది కాదు. ఆ గొంతులు ఎవరివో చెప్పగలిగేవారు ఇంట్లో ఉండగానే వారికి వినిపించి రాసిపెట్టుకోవాలి. మామ్మ పాటను ఎనభై నాలుగేళ్ల మా పెద్ద మేనత్త గారికి వినిపించాను. నలిగిన చోట పాట ఆగగానే ఆవిడ కళ్లు మూసుకుని ఆ చరణం అందుకున్నారు, పూర్తిగా పాడారు. నూతి దగ్గర చేద దించుతున్నది ఎవరో నాకు ఎన్నడూ తెలియదు. “అది మీ అమ్మేరా, గాజుల చప్పుడు వినపడటం లేదూ?” అన్నారు. మళ్లీ పెట్టి విన్నాను, వినిపించింది. అత్తయ్య పాడిన చరణాన్ని విడిగా రికార్డు చేసి, మామ్మ పాటలో అతికించకుండా దాని పక్కనే తేదీతో సహా భద్రపరిచాను.

నా దగ్గర ఇంకా రెండు క్యాసెట్లకు తెల్లగా బూజు పట్టి ఉంది. అవి నడిపితే ఆ బూజు హెడ్డుకు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుందన్న భయంతో, వాటిని విడిగా సంచిలో కట్టి ఉంచాను. వాటిలో ఒకటి మేనమామ మస్కట్ నుంచి పంపిన మొదటి క్యాసెట్. ఇలాంటి టేపును తమ చేతులతో శుభ్రం చేసిన అనుభవం ఉన్న పాఠకులు ఎవరైనా మీ పత్రికకు వివరంగా రాస్తే, దయచేసి ఆ ఉత్తరాన్ని ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
మీ పత్రిక చిరకాల పాఠకుడు,
అమలాపురం.